చికిత్స మధ్యలో బడి

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఫారెస్ట్ గ్రోవ్ అనే ఊరుంది. అక్కడి ప్రభుత్వ బడిలో చదువుతున్న ఒక అబ్బాయికి పాఠం మీద మనసు నిలిచేది కాదు. 2001లో స్కూలు వాళ్లు పరీక్షించి, ప్రత్యేక విద్య అక్కర్లేదని తేల్చారు. 2003 వచ్చేసరికి చదువు గాడి తప్పింది. దానికి మత్తు అలవాటు తోడైంది. తల్లిదండ్రులు బయట నిపుణుడికి చూపిస్తే ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ సమస్య ఉందన్నారు. నెలకు 5,200 డాలర్లు కట్టి, పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఒక ప్రైవేటు అకాడమీలో చేర్పించారు. ఆ ఖర్చు స్కూలు డిస్ట్రిక్టే భరించాలని కేసు వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వ బడి ఇవ్వాల్సిన ప్రత్యేక విద్య ఇవ్వకపోతే, పిల్లవాడు అంతకుముందు ఆ సేవలు ఒక్క రోజు కూడా పొందకపోయినా, తల్లిదండ్రులు ప్రైవేటు ఫీజు తిరిగి అడగవచ్చని 2009 జూన్‌లో కోర్టు 6–3 మెజారిటీతో చెప్పింది.

తల్లిదండ్రులు గెలిచారనే అనుకున్నారంతా. కానీ కేసు కింది కోర్టుకు తిరిగొచ్చాక వాళ్లకు డబ్బు రాలేదు. అబ్బాయిని అక్కడ చేర్చింది చదువు కోసం కాదని, మత్తు అలవాటు, ఇంట్లో ప్రవర్తన బాగుపడాలనేనని కోర్టు భావించింది. 2011లో అప్పీలు కోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఈలోగా ఇంకొకటి జరిగింది. 2009 నవంబరులో, పిల్లలతో వ్యవహరించిన తీరుపై విచారణ జరిపిన రాష్ట్ర అధికారులు ఆ అకాడమీ లైసెన్సు నిలిపివేశారు. మౌంట్ బ్యాచిలర్ అకాడమీ అనే ఆ సంస్థ మూతపడింది.

ఇలాంటి చోటుకు పిల్లల్ని పంపే ప్రతి కుటుంబం ముందూ ఉండే ప్రశ్నలు ఈ ఒక్క కేసులోనే ఉన్నాయి. పంపుతున్నది చికిత్సకా, చదువుకా? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఆ చోటు పిల్లవాడికి క్షేమమేనా? మొదటి ప్రశ్నను అందరూ తేలిగ్గా దాటేస్తారు. ముందు ఆరోగ్యం బాగుపడనీ, చదువు సంగతి తర్వాత చూసుకుందాం అంటారు. ఆ మాట ప్రేమతోనే వస్తుంది. అయినా అది పొరపాటు. టీనేజి పిల్లల విషయంలో బడి చికిత్సలో భాగమే. ఎందుకో, ఎలాగో వివరంగా చూద్దాం.

ఏమిటీ చోట్లు

మానసిక సమస్య తీవ్రమైన టీనేజి పిల్లల కోసం అమెరికాలో ప్రధానంగా మూడు రకాల ఏర్పాట్లున్నాయి. మొదటిది ఆసుపత్రి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు అక్కడ చేరుస్తారు. ప్రమాదం తగ్గాక, సాధారణంగా రోజుల్లోనో వారాల్లోనో పంపేస్తారు. రెండోది రెసిడెన్షియల్ ట్రీట్‌మెంట్ సెంటర్. ఆసుపత్రి అవసరం తీరినా ఇంట్లో ఉంచి నెట్టుకురాలేని పిల్లలు ఇక్కడ నెలల తరబడి ఉంటారు. తీవ్రమైన డిప్రెషన్, తమను తాము గాయపరచుకోవడం, మత్తు, బడికి వెళ్లలేనంత భయం, చిన్నప్పుడు అనుభవించిన హింస తాలూకు గాయాలు, ఇలా కారణాలు అనేకం. మూడోది థెరప్యూటిక్ బోర్డింగ్ స్కూలు. పేరులోనే స్కూలు ఉంది. ఏడాది, అంతకు పైగా కూడా ఉంచుతారు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో విద్యా సంవత్సరం అంటే 180 రోజులు. ఐదు నెలలు సెంటర్లో ఉన్న పిల్లవాడికి అందులో సగం పోతుంది. పైగా వీళ్లలో చాలామంది అక్కడ చేరడానికి ముందే నెలల తరబడి బడి ఎగ్గొట్టినవాళ్లు. అంటే పదిహేనేళ్ల అబ్బాయి కాస్త కోలుకుని ఇల్లు చేరేసరికి, తోటివాళ్లు ఒక తరగతి ముందుంటారు. ఏ బడి పేరు చెబితే గుండె దడదడలాడి మంచం దిగలేకపోయాడో, ఆ బడికే ఏడాది వెనకబడి వెళ్లాలి. మందులూ కౌన్సెలింగూ ఇచ్చిన బలం ఆ మొదటి వారంలోనే హరించుకుపోవచ్చు. చదువును పక్కన పెట్టి చేసే చికిత్సలో ఉన్న లోపం ఇదే.

హాబ్స్ వేసిన బాట

ఈ విషయాన్ని అందరికంటే స్పష్టంగా చూసినవారిలో నికొలస్ హాబ్స్ ఒకరు. టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని పీబాడీ కళాశాలలో పనిచేసిన సైకాలజిస్టు ఆయన. 1966లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా కూడా ఉన్నారు. యూరప్‌లో పర్యటించినప్పుడు, కష్టాల్లో ఉన్న పిల్లలతో పగలూ రాత్రీ కలిసి ఉండి పనిచేసే ఫ్రాన్స్ ఎడ్యుకేటర్లను చూశారు. వాళ్లు డాక్టర్లు కారు. పిల్లలతో తింటారు, ఆడతారు, చదివిస్తారు. దేశంలో ఉన్న కొద్దిమంది సైకియాట్రిస్టులతో ఇంతమంది పిల్లలను చూసుకోవడం ఎన్నటికీ కుదరదనీ, మంచి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వాళ్ల వెనక నిపుణులు నిలబడితే కుదురుతుందనీ ఆయనకు అనిపించింది. అలా 1961లో ప్రాజెక్ట్ రీ-ఎడ్ మొదలైంది. నాష్‌విల్‌లో కంబర్లాండ్ హౌస్, నార్త్ కరోలినా రాష్ట్రం డర్హమ్‌లో రైట్ స్కూల్ ఏర్పడ్డాయి. మొదట అవి ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం. తర్వాత ఈ పద్ధతిని టీనేజి పిల్లలకూ విస్తరించారు.

రీ-ఎడ్‌లో పిల్లలు ఎనిమిది మంది చొప్పున బృందాలుగా ఉండేవారు. ఒక్కో బృందానికి పగలు ఒక టీచర్-కౌన్సెలర్, సాయంత్రం మరొకరు. వీళ్లు కాక లయజాన్ టీచర్ అని ఇంకొకరు ఉండేవారు. పిల్లవాడు వదిలి వచ్చిన బడితో, ఇంటితో, ఊళ్లోని ఇతర సంస్థలతో నిత్యం మాట్లాడుతూ, అతను తిరిగి వెళ్లే దారిని చేరిన నాటి నుంచే సిద్ధం చేయడం ఆ టీచరు పని. వారాంతాల్లో పిల్లలు ఇంటికి వెళ్లేవారు. ఇల్లు దూరమైపోతే తిరిగి అక్కడ ఇమడడం కష్టమని హాబ్స్ అభిప్రాయం. పిల్లవాడిలోని జబ్బును పూర్తిగా నయం చేసి పంపాలని ఆయన పట్టు పట్టలేదు. పిల్లవాడు, ఇల్లు, బడి, ఇరుగుపొరుగు కలిసి నడవగలిగేంతగా కుదురుకుంటే చాలు, పంపేయాలి అన్నారు. అందువల్ల అక్కడ ఉండే కాలం సంవత్సరాల్లో కాక నెలల్లోనే సాగేది. ఒక పని చేతనవుతోందన్న నమ్మకమే పిల్లవాడికి పెద్ద మందు అన్నది ఆయన పద్ధతికి మూలం. ఆ నమ్మకం రోజూ పుట్టగల చోటు తరగతి గది.

ఒక లెక్కల పీరియడ్

చెబితే తేలికే. చేసి చూపడం ఎలా ఉంటుంది? మంచి సెంటర్లో జరిగే లెక్కల పీరియడ్‌ను ఊహించుకుందాం. గదిలో ఎనిమిది మంది. వాళ్లు తొమ్మిది నుంచి పదకొండో తరగతి వరకు వేర్వేరు తరగతుల వాళ్లు, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఒకరికి భిన్నాలే రావు. ఇంకొకరు కాలిక్యులస్ మొదలుపెట్టారు. అందులో ఒక అమ్మాయి ఉంది. తప్పు వస్తే కాగితం చింపేస్తుంది. పాత బడిలో ఆ అలవాటుకు శిక్షలు పడ్డాయి. చివరికి కాగితం ముట్టడమే మానేసింది.

టీచరు ఆమెకు ఇరవై లెక్కల బదులు ఆరే ఇస్తుంది. మొదటి రెండూ ఆమెకు తప్పకుండా వచ్చేవి. మూడో లెక్క దగ్గర అమ్మాయి ఆగుతుంది. వేళ్లు కాగితం అంచు పట్టుకుంటాయి. టీచరు ఏమీ అనదు. పక్క కుర్చీలో కూర్చుని, కింది మూడు లెక్కల మీద తెల్ల కాగితం ఒకటి కప్పుతుంది. ఇప్పుడు చేయాల్సిన లెక్క ఒక్కటే కంటికి కనబడుతుంది. కాసేపటికి అమ్మాయి పెన్సిల్ తీసుకుంటుంది. జవాబు తప్పే వస్తుంది. దాని కింద మళ్లీ రాస్తుంది.

ఆ రోజు నోట్సులో టీచరు ఒక్క వాక్యం రాస్తుంది: మూడో లెక్క దగ్గర పదకొండు నిమిషాలు ఆగింది, చింపలేదు. సాయంత్రం డ్యూటీకి వచ్చిన కౌన్సెలర్ అది చదువుతాడు. భోజనాల తర్వాత బృందం కూర్చున్నప్పుడు, ఆ పదకొండు నిమిషాలూ లోపల ఏమైంది అని అడుగుతాడు. ఆ వారం థెరపిస్టు దగ్గర కూడా అమ్మాయి అదే చెబుతుంది. తప్పు చేస్తే తానే పనికిరానిదాన్ని అన్న భావం ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి మాట సాగుతుంది.

థెరపిస్టు గదిలో వారానికి గంటో రెండు గంటలో గడుస్తాయి. తరగతిలో రోజుకు ఐదారు గంటలు. కోపం, భయం, సిగ్గు, ఓటమి అన్నీ అక్కడే బయటపడతాయి. వాటిని తట్టుకోవడం నేర్చుకోవలసిందీ అక్కడే. ఒకరు గమనించింది ఇంకొకరికి చేరాలి. టీచరుకూ థెరపిస్టుకూ మధ్య ఆ రాకపోకలు లేని సెంటర్లో పిల్లవాడి రోజులో సగం వృథా అవుతుంది.

క్రెడిట్ల లెక్క

అమెరికా హైస్కూలు చదువు క్రెడిట్లతో నడుస్తుంది. ఒక సబ్జెక్టులో ఏడాదికి 120 గంటల తరగతులు ఒక యూనిట్ అన్న కొలత కార్నెగీ ఫౌండేషన్ పేరుతో 1906 నుంచి వస్తోంది. డిప్లొమా కావాలంటే నిర్ణీత సంఖ్యలో క్రెడిట్లు, అందులో ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సోషల్ తప్పనిసరిగా ఉండాలి. సెమిస్టరు మధ్యలో సెంటర్లో చేరి, ఇంకో సెమిస్టరు మధ్యలో బయటికొచ్చే పిల్లవాడికి ఈ కొలత పెద్ద చిక్కు. రెండు సగాలు కలిసి ఒకటి కావాలంటే రెండు బడులూ ఒప్పుకోవాలి.

కాబట్టి సెంటర్లో ఉన్న స్కూలుకు గుర్తింపు ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు. ఉంటే, కాగ్నియా లాంటి సంస్థ గుర్తింపు ఉందా, రాష్ట్ర విద్యాశాఖ ఒప్పుకుంటుందా అని చూడాలి. బోధించే వాళ్లకు సబ్జెక్టు లైసెన్సూ, ప్రత్యేక విద్య లైసెన్సూ ఉన్నాయా అడగాలి. గుర్తింపు ఉన్నా సరిపోదు. జీవశాస్త్రం క్రెడిట్ కావలసిన పిల్లవాడికి ల్యాబ్ లేని చోట ఏమిస్తారు? స్పానిష్ రెండో ఏడాది మధ్యలో ఉన్న అమ్మాయికి స్పానిష్ టీచరు ఉన్నారా? చాలా చోట్ల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆన్‌లైన్ కోర్సు పెడతారు. పక్కన టీచరు ఉండి నడిపిస్తే అది ఉపయోగమే. ఎవరూ లేకుండా అదే బడి అంటే మాత్రం, పిల్లవాడు స్క్రీన్ ముందు రోజులు వెళ్లదీస్తాడు. ఇంటికొచ్చాక ట్రాన్‌స్క్రిప్టులో అంతా ఎలెక్టివ్ క్రెడిట్లే కనబడితే, ఆల్జీబ్రా మళ్లీ మొదటి నుంచి చదవాలి.

చట్టం ఏమంటుంది

వైకల్యం ఉన్న ప్రతి పిల్లవాడికీ ఉచితంగా, తగిన విద్య అందాలని అమెరికా 1975లో చట్టం చేసింది. ఇప్పుడు దాన్ని ఐడియా అంటున్నారు. చదువుకు అడ్డుపడేంత తీవ్రమైన మానసిక సమస్య కూడా ఆ చట్టం కిందికి వస్తుంది. అర్హత ఉన్న పిల్లవాడికి ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి. అతని విద్యకు వసతితో కూడిన ఏర్పాటు తప్పనిసరి అని ఆ ప్రణాళిక తేలిస్తే, చదువుతో పాటు తిండి, వసతి ఖర్చు కూడా తల్లిదండ్రుల మీద పడకూడదు. ప్రవర్తన కారణంగా బడి నుంచి తీసేసినా విద్య పొందే హక్కు పోదు. పిల్లవాడి పరిస్థితిని బట్టి తగినంత పురోగతి సాధించేలా ప్రణాళిక ఉండాలని, ఏదో కాస్త లాభం ఉంటే చాలదని, 2017లో ఎండ్రూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇక్కడ కొన్ని సంగతులు చెప్పాలి. పిల్లవాడి సమస్య నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని, రికార్డుల్లోకి ఎక్కితే కాలేజీ సీటుకు అడ్డమని బడికి చెప్పకుండా సొంత డబ్బుతో ఎక్కడో చేర్చేసేవాళ్లున్నారు. ఫారెస్ట్ గ్రోవ్ కేసు వాళ్లు తప్పక చదవాలి. పిల్లవాణ్ని పరీక్షించమని బడికి రాతపూర్వకంగా అడగండి. మీరు సమ్మతి ఇచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో, లేదా మీ రాష్ట్రం పెట్టిన గడువులో, వాళ్లు పని పూర్తి చేయాలి. ప్రైవేటు చోటుకు మార్చక తప్పదనుకుంటే, కనీసం 10 పనిదినాల ముందు కారణాలతో సహా రాతపూర్వకంగా తెలపండి. లేదా చివరి ఐఈపీ సమావేశంలోనే చెప్పండి. లేకపోతే తర్వాత ఫీజు అడిగే హక్కు దెబ్బతింటుంది. ఆ ఉత్తరాల్లో చదువు సంగతి స్పష్టంగా ఉండాలి. ఇంట్లో గొడవల గురించే రాసి, తరగతిలో ఏమైందో రాయకపోతే, చికిత్స కోసం పంపారు గానీ చదువు కోసం కాదనే మాట మీ మీదికే వస్తుంది. ఐఈపీ సమావేశంలో మాటలు మీకు అర్థమయ్యేలా చూడడం బడి బాధ్యత. ఇంగ్లిష్ ఇబ్బందైన తల్లికో తండ్రికో తెలుగు దుబాసీని అడిగే హక్కుంది. మొహమాటపడకండి.

చీకటి చరిత్ర

ఈ రంగానికి ఇంకో వంశావళి ఉంది. 1958లో కాలిఫోర్నియాలో మత్తు బాధితుల కోసం సినానాన్ అనే సంస్థ పుట్టింది. గుంపులో కూర్చోబెట్టి ఒక మనిషిని అందరూ కలిసి మాటలతో చీల్చి చెండాడడమే అక్కడి చికిత్స. ఆ పద్ధతి 1967లో కాలిఫోర్నియాలో మొదలైన సీడూ స్కూళ్లకూ, 1970లో మెయిన్ రాష్ట్రంలో మొదలైన ఎలాన్ స్కూలుకూ పాకింది. మొండి పిల్లవాడి అహం విరిస్తే గానీ బాగుపడడన్నది ఆ చోట్ల నమ్మకం. అక్కడ బడి అంటే ఒక బహుమతి. చెప్పినట్టు వింటే లెవెల్ పెరుగుతుంది, పుస్తకం దొరుకుతుంది, ఇంటికి ఫోన్ దొరుకుతుంది. వినకపోతే అన్నీ పోతాయి. అలా చదువును ఎర చేసిన చోట పిల్లవాడు లొంగడం నేర్చుకుంటాడు. లెక్కలూ రావు, ధైర్యమూ రాదు.

2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఇలాంటి చోట్ల జరిగిన వేధింపుల ఆరోపణలు వేలల్లో ఉన్నాయని కాంగ్రెస్‌కు నివేదించింది. పిల్లలు చనిపోయిన 10 కేసులను విడిగా పరిశీలించింది. 2005 ఒక్క ఏడాదిలోనే 33 రాష్ట్రాల్లో కలిపి 1,619 మంది సిబ్బంది వేధింపుల ఘటనల్లో ఉన్నట్టు లెక్క తేలింది. తాను టీనేజిలో ఇలాంటి చోట అనుభవించిన దాని గురించి టీవీ తార పారిస్ హిల్టన్ సాక్ష్యం చెప్పాక, 2021లో యూటా రాష్ట్రం తనిఖీలు పెంచుతూ, పిల్లలు ఇంటివాళ్లతో వారం వారం ఎవరూ వినకుండా మాట్లాడుకునే హక్కు ఇస్తూ చట్టం చేసింది. 2024 జూన్‌లో సెనేట్ ఫైనాన్స్ కమిటీ ఘాటైన నివేదిక ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, సంస్థల్లో పిల్లల మీద వేధింపులను ఆపే దిశగా ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. అది ప్రధానంగా అధ్యయనానికి ఆదేశించే చట్టం. ఇంకా చేయాల్సింది చాలా ఉంది.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి కేంద్రాలు అమెరికాలో ఉన్నంతగా లేవు. కానీ వాటి వెనక ఉన్న ఆలోచన మనకూ బాగా తెలుసు. హాస్టల్లో వేస్తే దారికొస్తాడు అనే మాట వినని ఇల్లు అరుదు. పదో తరగతిలో తిరగబడిన పిల్లవాణ్ని, ఫోన్ వదలని అమ్మాయిని, ఇంటర్‌కు గట్టి క్రమశిక్షణ ఉన్న రెసిడెన్షియల్ కాలేజీలో చేరుస్తారు. అక్కడ చదువు ఉంటుంది, గేటు ఉంటుంది. పిల్లవాడి మనసులో ఏముందో అడిగే మనిషి మాత్రం తరచుగా ఉండరు. అమెరికాలో కొన్ని చోట్ల చదువు లేని చికిత్స జరిగితే, మన దగ్గర చికిత్స లేని చదువు జరుగుతోంది. నష్టపోయేది రెండు చోట్లా ఆ వయసు పిల్లలే.

మన చట్టంలో ఒక మంచి సంగతి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనరును మానసిక వైద్యశాలలో చేర్చుకుంటే పెద్దలతో కలిపి ఉంచకూడదు. తల్లిదండ్రులో, వాళ్లు పెట్టిన మనిషో అక్కడ ఉన్నంత కాలం పక్కనే ఉండాలి. 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు పరిశీలించాలి. కుటుంబాన్ని బయట నిలబెట్టకపోవడం గొప్ప రక్షణ. కానీ ఆ రోజుల్లో చదువు సంగతేమిటన్నది సాధారణంగా ఎవరి పనీ కాకుండా పోతుంది. దానికి ఒక దారి ఉంది. ఓపెన్ స్కూల్ విధానం. జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్ల గడువు, తొమ్మిది పరీక్షా అవకాశాలు ఉంటాయి. సబ్జెక్టులు ఒక్కొక్కటిగా పాసవ్వచ్చు. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. డాక్టరు, కౌన్సెలర్ చెప్పే మాటల్లో ఈ సంగతి కూడా చేరితే, ఏడాది పోయిందన్న దిగులు సగం తగ్గుతుంది.

తిరిగి వచ్చే రోజు

అమెరికాలో 2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం, ఫోస్టర్ సంరక్షణలో ఉన్న పిల్లల కోసం నడిచే చికిత్సా కేంద్రాలకు ఒక షరతు పెట్టింది. ఫెడరల్ నిధులు పొందాలంటే, పిల్లవాడు బయటికొచ్చాక కనీసం ఆరు నెలలు అతనికీ కుటుంబానికీ తోడుగా ఉండాలి. హాబ్స్ పెట్టిన లయజాన్ టీచర్ పనికి ఇది దగ్గర చుట్టం. ప్రైవేటు ఖర్చుతో చేర్చే తల్లిదండ్రులు కూడా ఇంత మాత్రం అడగాలి.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి వారం పూర్తి రోజు కాకుండా రెండు పీరియడ్లతో మొదలుపెట్టవచ్చు. భయం ముంచుకొస్తే ఎవరి గదికి వెళ్లాలో ముందే చెప్పి ఉంచాలి. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని తోటివాళ్లు అడిగితే ఏం చెప్పాలో పిల్లవాడే తేల్చుకుని, సాధన చేసి ఉండాలి. పాత బాకీ హోంవర్కు మాఫీ చేయాలి. ఇవన్నీ చిన్న పనులే. కానీ ఎవరో ఒకరు ముందుగా కూర్చుని మాట్లాడితేనే జరుగుతాయి. సెంటర్ టీచరు, బడి కౌన్సెలరు, తల్లిదండ్రులు, పిల్లవాడు ఒక బల్ల చుట్టూ కూర్చున్న ఆ గంటకు, నెలల చికిత్సను నిలబెట్టే శక్తి ఉంది.

మీరు సెంటరు చూడడానికి వెళ్లినప్పుడు, ఈత కొలను, గుర్రాలు, కొండల ఫొటోలు చూపిస్తారు. చూడండి. తర్వాత తరగతి గది చూపించమనండి. పిల్లవాడు ఏ నెలలో, ఏ బడిలో, ఏ తరగతిలోకి తిరిగి వెళ్లవచ్చని అనుకుంటున్నారు, ఆ బడిలో ఎవరితో మాట్లాడబోతున్నారు అని అడగండి. చేరే రోజున తేదీ పక్కాగా చెప్పలేకపోవచ్చు, అది అర్థమవుతుంది. కానీ ఆ పని ఫలానా వారిది అని ఒక మనిషిని చూపించగలగాలి. అలాంటి మనిషి లేని చోటైతే, ఇంకో చోటు వెతకండి.